జూన్‌లో రంగు, అక్టోబర్‌లో కట్టెలు: నవాహో యూత్ ట్రిప్ మీద రెండేళ్ళ కేస్ స్టడీ

ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటాను, పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, శుక్రవారం సాయంత్రాలూ ఆదివారాలూ మా తెలుగు చర్చిలో యూత్ పని. ఈ మధ్య వేరే ఊళ్ళ తెలుగు చర్చిల వాళ్ళు ముగ్గురు నలుగురు ఫోన్ చేసి "వందనాలు బ్రదర్, మేం కూడా మా యూత్‌ని నవాహో దగ్గరకి తీసుకెళ్దామనుకుంటున్నాం, మీ ప్లాన్ పంపండి" అన్నారు. 2023 ప్లాన్ నా దగ్గర ఉంది, రంగురంగుల ఎక్సెల్ షీట్, గంట గంటకీ ఏం చెయ్యాలో రాసి పెట్టుకున్నాం, చూస్తే ముచ్చటేస్తుంది. అది పంపితే మేం చేసిన తప్పులే మీరూ చేస్తారు. అందుకే షీట్ పంపకుండా ఇది రాస్తున్నా.

ముందు చోటు గురించి కొంచెం. నవాహో వాళ్ళు అమెరికా ఆదివాసీ తెగల్లో ఒకరు. నవాహో నేషన్ అంటే అరిజోనా, న్యూ మెక్సికో, యూటా మూడు రాష్ట్రాల్లో పరుచుకున్న సుమారు 27,000 చదరపు మైళ్ళ నేల, రాజధాని విండో రాక్, సొంత ప్రెసిడెంటు, సొంత కోర్టులు, 110 చాప్టర్లు (మన పంచాయితీల్లాంటివి అనుకోండి). వాళ్ళని వాళ్ళు డినే అనుకుంటారు, నవాహో అన్నది బయటవాళ్ళు పెట్టిన పేరు. 1864లో అమెరికా సైన్యం పంటలు తగలబెట్టి, వేలమందిని మూడొందల మైళ్ళకి పైగా నడిపించి న్యూ మెక్సికోలో ఫోర్ట్ సమ్నర్ దగ్గర నాలుగేళ్ళు నిర్బంధించింది, ఆ నడకలోనూ ఆ క్యాంపులోనూ చాలామంది చచ్చిపోయారు, 1868 జూన్‌లో ట్రీటీ మీద సంతకాలు అయ్యాక గానీ ఇంటికి రానివ్వలేదు. ఇప్పటికీ అక్కడ సుమారు 30 శాతం ఇళ్ళకి కుళాయి నీళ్ళు లేవు, పికప్‌లో డ్రమ్ములు పెట్టుకుని వెళ్ళి తెచ్చుకుంటారు, ఆ నీళ్ళ హక్కుల కేసు 2023లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళి 5-4తో ఓడిపోయారు. మేం మొదటిసారి వెళ్ళింది సరిగ్గా ఆ తీర్పు వచ్చిన నెలలోనే, ఆ సంగతి మాలో ఒక్కరికీ తెలీదు. ఈ వాక్యం రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఇంకోటి, ఇది చర్చి ట్రిప్ కాబట్టి చెప్పక తప్పదు. 1869 తర్వాత అమెరికా ప్రభుత్వం ఏ తెగ ఏ చర్చికి అని పంచేసింది, నవాహో వాళ్ళు ప్రెస్బిటేరియన్ చర్చి వాటాకి వచ్చారు. తర్వాత బోర్డింగ్ స్కూళ్ళు, పిల్లల జుట్టు కత్తిరించడం, సొంత భాష మాట్లాడితే కొట్టడం, వీటిలో కొన్ని ప్రభుత్వమే నడిపింది, కొన్ని మిషన్లు నడిపాయి. అంటే మనం బైబిల్ పట్టుకుని ఆ గుమ్మం ఎక్కేసరికే ఆ గుమ్మానికి మనలాంటివాళ్ళ గురించి చాలా తెలుసన్నమాట.

2023 జూన్

ఇరవై ఒక్క మంది పిల్లలు, ఐదుగురు పెద్దవాళ్ళు, రెండు వ్యాన్లు, ఒక ఏజెన్సీ ద్వారా బుకింగ్ (పేరు వద్దు, వాళ్ళ తప్పు కంటే మా తప్పే ఎక్కువ). నవాహో నేషన్‌లో చిన్లే అనే ఊరికి ఇరవై మైళ్ళ అవతల ఒక చిన్న చర్చి, పాస్టర్ గారు నవాహో ఆయనే. ఆరు నెలలు బిర్యానీ ప్లేట్లు అమ్మి డబ్బులు పోగేశాం, టీషర్టులు కొట్టించాం.

మొదటి దెబ్బ గడియారం దగ్గరే తగిలింది. అరిజోనాలో టైం మార్చరు కదా, నవాహో నేషన్‌లో మాత్రం వేసవిలో మారుస్తారు, మధ్యలో ఉన్న హోపీ తెగవాళ్ళు మళ్ళీ మార్చరు, ఫోను ఏ టవర్ పట్టుకుంటే ఆ టైం చూపిస్తుంది. రాత్రి దారిలో హోటల్లో పడుకుని ఆదివారం పదింటి ఆరాధనకి పావుగంట ముందే వచ్చామని సంబరపడుతూ దిగితే లోపల ముగింపు ప్రార్థన జరుగుతోంది. ఇరవై ఆరుమందిమి ఒకే రంగు టీషర్టుల్లో వెనక బెంచీల్లోకి దూరాం, ఎవరూ ఏమీ అనలేదు, అదే ఇంకా కష్టంగా అనిపించింది.

సోమవారం వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు) మొదలు. రెడీమేడ్ కిట్ కొన్నాం, థీమ్ ఏదో రాత్రి అడవి, దాని బొమ్మ గుడ్లగూబ. గోడ నిండా గుడ్లగూబలు, పిల్లలకి కత్తిరించి అంటించుకోమని పేపర్ గుడ్లగూబలు, మా అమ్మాయిలు రెండు రాత్రులు కూర్చుని చేసినవి. మొదటి రోజు పద్నాలుగు మంది పిల్లలొచ్చారు, రెండో రోజు ఐదుగురు. ఎందుకో అర్థం కాలేదు, మా వాళ్ళు "డివోషన్ బోర్ కొట్టిందేమో, పాటలు పెంచుదాం" అని డిస్కషన్ పెట్టారు. మూడో రోజు పొద్దున వంటగదిలో సాయం చేసే స్థానిక ఆంటీ ఒకావిడ కుర్చీ వేసుకుని ఒక్కో గుడ్లగూబని నెమ్మదిగా పీకేసి, చింపకుండా, మడతపెట్టి అట్టపెట్టెలో పెట్టింది. నేను అడిగితే "ఇక్కడ అది చావు కబురు తెచ్చే పక్షి" అంది, అంతే. మన ఊళ్ళల్లో గుడ్లగూబ ఇంటిమీద వాలితే మా నాయనమ్మ ఏం చేసేదో నాకు బాగా గుర్తుంది, చీపురు తీసుకుని పరిగెత్తేది. తెలిసి ఉండాల్సినవాణ్ణే, అట్టపెట్టె మీద అమెరికా కంపెనీ లోగో చూసేసరికి నాయనమ్మ గుర్తు రాలేదు.

రంగు గొడవ ఇంకోటి. ఏజెన్సీ ఇచ్చిన పని: చర్చి బయటి గోడలకి పెయింట్. సరే, గీకుదామని మా ఇంటర్ చదివే కుర్రాడు ఒక చోట పుట్టీ బ్లేడు పెట్టి గీకితే పెచ్చు ఊడింది, అట్టలా మందంగా వచ్చింది. వాడు దాన్ని పక్కకి తిప్పి చూపించాడు, తెలుపు, కింద లేత నీలం, కింద ఇటుక రంగు, మళ్ళీ తెలుపు, మళ్ళీ పసుపు, చెట్టు మొదలు కోస్తే వలయాలు కనపడినట్టు. "అంకుల్, ఎన్ని టీములొచ్చాయో లెక్కపెట్టచ్చు" అన్నాడు. పాస్టర్ గారిని అడిగితే నవ్వారు. ప్రతి వేసవిలో ఎవరో ఒకరు వచ్చి వేస్తారట, వాళ్ళకి పని కావాలి కదా, ఇది ఎవరికీ దెబ్బ తగలని పని అని. అంటే గోడకి రంగు అవసరమై కాదు, మాకు పని అవసరమై ఆయన గోడ ఇచ్చారు. మేం కూడా వేశాం, లేత గోధుమ రంగు, బాగానే వచ్చింది.

వచ్చాక ఇంకో తలనొప్పి, మా అమ్మాయి ఒకతి అక్కడి చిన్న పాపని ఎత్తుకుని హోగన్ (డినే వాళ్ళ సంప్రదాయ ఇల్లు) ముందు రీల్ పెట్టింది, వెనక పాట, నాలుగు ఏడుపు ఎమోజీలు. పాప వాళ్ళ మేనత్త చూసి ఫోన్ చేసింది. తీయించాం, క్షమాపణ చెప్పాం. కానీ మా చర్చిలో రిపోర్ట్ ఇచ్చినప్పుడు అందరూ చప్పట్లు కొట్టింది ఆ ఫోటోలకే, అదీ నిజమే.

లెక్కలు ముందేసుకుంటే

ఏజెన్సీ ఫీజు 8,060 డాలర్లు, వ్యాన్లూ గ్యాసూ 2,150, టీషర్టులూ వీబీఎస్ కిట్టూ 740, రంగు 410. మొత్తం 11,360. ఇందులో ఆ ఊళ్ళో ఎవరి చేతికైనా నేరుగా వెళ్ళింది ఎంత అని మా ట్రెజరర్ అంకుల్ అడిగితే నేను కానుకల కవరు ఒకటి తప్ప ఏమీ చూపించలేకపోయాను. ఆయన మందలించలేదు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడంతే, ఆయన అలా తుడుచుకుంటే ఇంక మాటలక్కర్లేదు.

ఇక్కడ మా చర్చి పెద్దాయన ఒకరు చెప్పిన విషయం మొత్తం మార్చేసింది. మాలో సగం మందివి ఒంగోలు, ప్రకాశం జిల్లా కుటుంబాలు, అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ చెట్టు కొమ్మలం. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వే కాంట్రాక్ట్ మూడున్నర మైళ్ళు తీసుకుని జనానికి పని పెట్టాడని, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయని మేం సండే స్కూల్ నుంచీ వింటూనే ఉన్నాం. పెద్దాయన అన్నది దానికి ముందు భాగం, ఎవరూ అంత గట్టిగా చెప్పనిది. కరువు సాయం నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడిగినా ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారో దేవుడి కోసం వచ్చారో తేలాలి కదా అని. "మన ముత్తాతలకి ఆ మర్యాద దక్కింది, మీరు అక్కడ మొన్న వీబీఎస్‌కొచ్చిన పిల్లలకే స్నాక్స్ ఇచ్చారంట కదా" అన్నాడు. ఇచ్చాం. రాని పిల్లలు కంచె అవతల నిలబడి చూశారు కూడా.

సరే, ఆ డిసెంబర్‌లో అక్కడి పాస్టర్ గారికి ఫోన్ చేసి ఏజెన్సీ లేకుండా అడిగా, "ఏం చెయ్యమంటారు" అని. ఆయన వెంటనే చెప్పలేదు. ఫోన్‌లో చాలాసేపు నిశ్శబ్దం, లైన్ కట్ అయిందనుకుని రెండుసార్లు హలో అన్నా (మీకూ ఇదే చెప్తున్నా, వాళ్ళు ఆలోచించి మాట్లాడతారు, ఆ ఖాళీని మీరు నింపకండి). తర్వాత అన్నారు, "జూన్‌లో కాకుండా రాగలరా?"

ఆ ఒక్క ప్రశ్నలో మొత్తం ఉంది. జూన్ మన పిల్లల సెలవలు. వాళ్ళకి కష్టం చలికాలం. అక్కడ ఊళ్ళు ఐదువేల అడుగుల పైన ఉంటాయి, రాత్రుళ్ళు గడ్డకట్టే చలి, ముసలివాళ్ళు చాలామందికి కట్టెల పొయ్యే ఆధారం. పైగా కయెంటా బొగ్గు గని 2019లో మూతపడింది, దాని బొగ్గు తినే పేజ్ దగ్గరి కరెంటు ప్లాంటు కూడా అదే ఏడాది ఆగిపోయింది. జీతాలు పోవడం ఒకెత్తు, ఊళ్ళవాళ్ళు ఇళ్ళల్లో పొయ్యిలోకి తెచ్చుకునే బొగ్గు కూడా పోయింది. అప్పటినుంచి ఫ్లాగ్‌స్టాఫ్ వైపు అడవుల్లో కార్చిచ్చు భయంతో నరికి పలచన చేసిన పైన్ మొద్దుల్ని లారీల్లో నవాహో, హోపీ ఊళ్ళకి తోలే ఏర్పాటు ఒకటి నడుస్తోంది. మొద్దులొస్తాయి, కానీ వాటిని కోసి, చీల్చి, డెబ్బై ఎనభై ఏళ్ళ మనిషి గుమ్మం దాకా చేర్చేవాళ్ళు కావాలి. కుర్రాళ్ళు పని కోసం ఫీనిక్స్, ఆల్బకర్కీ పోయారు. అంటే మా ఊరికే వచ్చారు.

మా చాండ్లర్ స్కూళ్ళకి అక్టోబర్‌లో రెండు వారాలు ఫాల్ బ్రేక్ ఉంటుంది. ఉన్న సంగతి మాకు తట్టనే లేదు, అప్పటిదాకా ఆ సెలవలంటే డిస్నీలాండ్.

2024 అక్టోబర్

ఈసారి తొమ్మిది మంది పిల్లలు, నలుగురు పెద్దవాళ్ళు. తల్లిదండ్రులు కొంతమంది కోపగించుకున్నారు, మా వాణ్ణి ఎందుకు తీసుకోలేదని, కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవాలని. నేను మెత్తగా ఏమీ చెప్పలేదు, కాలేజీ కోసమైతే వద్దు అన్నా.

ముందు ఆరు వారాలు క్లాసులు పెట్టాం, బైబిల్ స్టడీతో పాటు చరిత్ర, 1864, బోర్డింగ్ స్కూళ్ళు, యురేనియం గనులు, అన్నీ. చెయ్యి కలిపేటప్పుడు గట్టిగా పిసకద్దు, తేలిగ్గా తాకితే చాలు, వేలెత్తి మనుషుల్ని చూపించద్దు, పెద్దవాళ్ళ కళ్ళల్లోకి గుచ్చి చూడద్దు. ఇవి చెప్తుంటే మా అమ్మలు నవ్వారు, ఇవన్నీ మేం ఇంట్లో చెప్తే వినరు, నవాహో పేరు చెప్తే వింటున్నారు అని.

పరిచయం చేసుకునే పద్ధతి మాత్రం ప్రాక్టీస్ చేయించాం. డినే వాళ్ళు పేరుతో ఆగరు, అమ్మ వంశం ముందు, తర్వాత నాన్న వంశం, తర్వాత అమ్మ వాళ్ళ నాన్నది, నాన్న వాళ్ళ నాన్నది, నాలుగు చెప్తారు, దాన్నిబట్టి ఎదుటి మనిషి తనకి అక్క అవుతుందా మేనత్త అవుతుందా లెక్క తేల్చుకుంటారు, ఒకే వంశం వాళ్ళు పెళ్ళి చేసుకోరు. మన ఇంటిపేర్లు విని "ఫలానా వాళ్ళ అబ్బాయివా" అనే ముసలమ్మలకి ఇది చెప్పక్కర్లేదు, కానీ మా పిల్లలకి చెప్పాలి. మొదటి ఏడాది ఒక నానమ్మ "మీ వాళ్ళెవరు" అని అడిగితే మా వాడు "ఐ యాం ఫ్రమ్ చాండ్లర్" అన్నాడు. ఈసారి ఒకమ్మాయి వాళ్ళమ్మ పుట్టింటి ఇంటిపేరు, అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు తెలీక గుంటూరుకి వాట్సాప్ కాల్ చేసింది, అమ్మమ్మ గంటన్నర వదల్లేదు, నాలుగు తరాలు చెప్పించుకుని నోట్స్ రాసుకుంది పిల్ల. అక్కడ ఆ పిల్ల నిలబడి నాలుగు ఇంటిపేర్లు చెప్తే పొయ్యి దగ్గర కూర్చున్న పెద్దావిడ ఒక్కో పేరుకీ తలూపింది, ఒక్కటీ అర్థం కాకపోయినా.

ఒక చిన్నోడు మా వాణ్ణి "నువ్వు కూడా ఇండియనే కదా, ఏ ట్రైబ్?" అని అడిగాడు. "తెలుగు." "మీ రిజర్వేషన్ ఎక్కడ?" పక్కనున్న మేం పెద్దవాళ్ళం నలుగురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నాం. అక్కడ రిజర్వేషన్ అంటే తెగకి కేటాయించిన నేల, ఆ మాటకి మా ఇళ్ళల్లో అర్థం వేరు, ఇండియాలో 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ హోదా పోయి ఆ రిజర్వేషనూ లేదు, అదంతా ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఏం చెప్తాం, "చాలా దూరం నాన్నా" అన్నాం.

పని రెండు రకాలు: కట్టెలు, ఒక ర్యాంపు.

కట్టెల్లో రంపం మిషను స్థానికులే పట్టారు, అది రూలు, ఇద్దరికి రోజు కూలీ ఇచ్చాం. మా పిల్లలు అద్దెకి తెచ్చిన హైడ్రాలిక్ స్ప్లిటర్ దగ్గరా, గొడ్డలి దగ్గరా. కళ్ళద్దాలు, చేతి తొడుగులు లేకపోతే మొద్దుల దగ్గరికి రానివ్వలేదు. పైన్ తేలిగ్గా చీలుతుంది, జూనిపర్ మెలికలు తిరిగి ఉంటుంది, దెబ్బ వేస్తే గొడ్డలి అందులోనే ఇరుక్కుంటుంది, కానీ నిప్పు నిలబడేది దానికే. మా ట్రెజరర్ అంకుల్ (అవును, కళ్ళజోడాయన, ఈసారి తనూ వచ్చాడు) అద్దంకి దగ్గర పల్లెలో పెరిగినవాడు, ఆయన గొడ్డలి తీసుకుని మొద్దుని ఒకసారి తిప్పి చూసి, పగులు ఎటుందో కనిపెట్టి, అక్కడ ఒక్క దెబ్బ వేస్తే రెండయింది. స్థానిక పెద్దమనిషి ఏమీ అనకుండా ఇంకో మొద్దు ఆయన ముందు పెట్టాడు, తర్వాత ఇంకోటి. అలా ఇద్దరూ మధ్యాహ్నం దాకా, పది మాటలు కూడా అనుకుని ఉండరు. వాళ్ళిద్దరూ ఇప్పటికీ ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటారు, ఏ భాషలోనో ఆ దేవుడికే తెలియాలి.

ర్యాంపు సంగతి. చక్రాల కుర్చీలో ఉన్న ఒక తాతగారి ఇల్లు, గుమ్మం నేలకి 28 అంగుళాల ఎత్తు. రూలు ప్రకారం అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు, అంటే 28 అడుగులు, పైన తలుపు దగ్గర ఐదడుగుల చదును. మాలో ఒక సివిల్ ఇంజనీర్ అన్నయ్య చాండ్లర్‌లోనే డ్రాయింగ్ వేశాడు, గుమ్మం దిగగానే మూల తిరిగి ఇంటి పక్క గోడ వెంబడి పడమటికి తిప్పేస్తే కారు ఆగే చోటు దగ్గరవుతుంది, దారి చదును చేసే ఖర్చు తగ్గుతుందని. తాతగారు కాగితం చూశారు, మూతి కొంచెం ముందుకి పెట్టి తూర్పు వైపు చూపించారు (వేలితో చూపరు, పెదాలతో చూపిస్తారు). గుమ్మం తూర్పుకి ఉంది, పొద్దున్నే బయటికొచ్చి సూర్యుడికి ఎదురెళ్ళి ప్రార్థన చేసుకుంటారట, పడమటికి తిప్పితే రోజూ మొదలే వీపు చూపించినట్టు. మా అన్నయ్య మొదట కాస్త వాదించబోయి ఆగాడు, వాళ్ళ నాన్నగారు హైదరాబాద్‌లో ఫ్లాటు కొనేటప్పుడు తూర్పు ఫేసింగ్ కోసం ఎన్ని నెలలు తిరిగారో నేనే గుర్తు చేశా, క్రిస్టియన్లమే అయినా. డ్రాయింగ్ మళ్ళీ వేశాడు, ఫ్లాష్‌లైట్ వెలుతురులో, తిన్నగా తూర్పుకి.

ఇప్పుడు తప్పులు. ఇసక నేలలో స్తంభాల గుంటలు సరిపడా లోతు తియ్యలేదు, రెయిలింగ్ ఊగింది, డిసెంబర్‌లో ఇద్దరం మళ్ళీ వెళ్ళి కాంక్రీట్ వేసి సరిచేసి వచ్చాం. అది చిన్న తప్పు. పెద్దది లిస్టు. కట్టెలు ఎవరికి అన్నది పాస్టర్ గారిచ్చిన లిస్టు ప్రకారం పంచుతున్నాం, పదకొండు ఇళ్ళు. రెండో రోజు సాయంత్రం ఒక ఇంటి ముందు కట్టెలు దింపుతుంటే రోడ్డుకి అవతలి ట్రైలర్ ముందు ఒక ముసలావిడ దుప్పటి కప్పుకుని నిలబడి చూస్తోంది. "ఆవిడ లిస్టులో లేదా" అని అడిగితే, ఆవిడ చర్చికి రాదు, వాళ్ళ పాత పద్ధతులే. పాస్టర్ గారు కావాలని వదిలెయ్యలేదు, ఆయనకి తెలిసినవాళ్ళని ఆయన రాశారు, మనమైనా అదే చేస్తాం. కానీ క్లౌ దొర కథ చెప్పుకుని బయల్దేరినవాళ్ళం, కంచె అవతల పిల్లలే మళ్ళీ కనపడ్డారు నాకు.

ఆ రాత్రి పాస్టర్ గారితో కూర్చున్నాం. ఆయనే దారి చెప్పారు, నవాహో నేషన్ తరఫున ఇంటింటికీ తిరిగే హెల్త్ వర్కర్లు ఉంటారు, 1968 నుంచీ ఉన్న ఏర్పాటు అది, ఏ ఇంట్లో ఎవరు ఒంటరిగా ఉన్నారో, ఎవరికి ఆక్సిజన్ పెడుతున్నారో, ఎవరి పొయ్యి గొట్టం పగిలిందో వాళ్ళకి తెలుసు. పొద్దున్నే చాప్టర్ హౌస్‌కి వెళ్ళి ఆ ఊరి హెల్త్ వర్కర్ అమ్మాయిని కలిశాం. ఆవిడ మా లిస్టు చూసి నాలుగు పేర్లు కొట్టేసింది, వీళ్ళకి కొడుకులు తెచ్చిపెడతారు అని, తొమ్మిది కొత్తవి రాసింది. కొట్టేసిన నాలుగిళ్ళలో రెండిళ్ళకి అప్పటికే దింపేశాం. మిగిలిన రోజున్నరలో కొత్త తొమ్మిదిలో ఆరు ఇళ్ళకి చేరాయి, మూడు మిగిలాయి, ఆ మూడూ మేం వచ్చేశాక స్థానిక కుర్రాళ్ళు పూర్తి చేశారు, గ్యాసు డబ్బులు పంపాం. దుప్పటి ముసలావిడ తొమ్మిదిలో మొదటి పేరు.

ఆవిడ ఇంటి దగ్గర మా పిల్లల్ని పాటలు పాడద్దని, ప్రార్థన చెయ్యమంటారా అని అడగద్దని ముందే చెప్పా. పేర్చారు, ఎండిన జూనిపర్ ఒక పక్కకి, పచ్చి పైన్ ఒక పక్కకి, టార్పాలిన్ కప్పారు. ఆవిడ లోపలికి పిలిచి ఫ్రై బ్రెడ్ పెట్టింది, మా వాళ్ళు "పూరీ, పూరీ" అని గుసగుస, మటన్ ముక్కల పులుసులో ముంచుకుని తిన్నారు, కారం లేదని ఒక్కడూ అనలేదు, అది నా లెక్కలో పెద్ద విజయం.

ఈసారి ఖర్చు: వ్యానూ గ్యాసూ 980, తిండి 620, చర్చి హాల్లో పడుకున్నందుకు వాళ్ళకిచ్చింది 600, ర్యాంపు సామాను 2,240, కట్టెలకి కూలీలూ స్ప్లిటర్ అద్దే లారీ గ్యాసూ కలిపి 1,850. మొత్తం 6,290 డాలర్లు.

ఫోటోలు లేవు. ఫోన్లు వ్యాన్‌లో పెట్టెలో పెట్టించాం, ర్యాంపు కొలతల కోసం తీసిన నాలుగు తప్ప. చర్చిలో రిపోర్ట్ ఇచ్చిన రోజు స్క్రీన్ మీద 28 అడుగుల చెక్క ఒక్కటే, మనుషుల్లేరు. చప్పట్లు పలచగా పడ్డాయి, తర్వాతి నెల మిషన్ ఫండ్‌కి కానుకలు కూడా తగ్గాయి. దీనికి నా దగ్గర ఇంకా జవాబు లేదు, ఎవరైనా ఫోటోల్లేకుండా ఫండ్ రైజ్ చేస్తుంటే చెప్పండి, బిర్యానీ ఎన్నాళ్ళని అమ్ముతాం.

తర్వాతి ట్రిప్‌కి తేదీలు మేం పెట్టడం మానేశాం. హెల్త్ వర్కర్ అమ్మాయి లిస్టు ఇస్తుంది, పాస్టర్ గారు మొద్దుల లారీ ఎప్పుడొస్తుందో కనుక్కుని ఫోన్ చేస్తారు, అప్పుడు ఎంతమంది కావాలంటే అంతమందిమి వెళ్తాం. 2023లో మిగిలిన లేత గోధుమ రంగు రెండు డబ్బాలు ఇంకా మా గరాజ్‌లోనే ఉన్నాయి, చాండ్లర్ చుట్టుపక్కల ఎవరికైనా గోడ ఉంటే వచ్చి తీసుకెళ్ళండి.